సంతకం మేస్త్రి

మా మావగారు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోకముందే గోడను తట్టి చూశారు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన మనిషి పిల్లవాణ్ణి చూస్తాడు, వాళ్ల అమ్మానాన్నల్ని పలకరిస్తాడు. ఈయన చూపుడువేలి కణుపుతో ముందుగది గోడను నాలుగుచోట్ల టకటకలాడించి, చెవి దగ్గరగా పెట్టి, "ఇక్కడ డొల్లగా ఉంది. ప్లాస్టరు గోడని పట్టుకోలేదు" అన్నారు. ఆ తర్వాతే నా వైపు తిరిగి తల నుంచి పాదాల దాకా చూశారు. నన్ను కూడా తడతారేమోనని నేను ఓ అడుగు వెనక్కి వేశాను.

ఆయన తాపీమేస్త్రి. కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్లెవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. సంతకం మేస్త్రి అంటేనే అందరికీ తెలుస్తుంది. గోడ లేస్తున్నప్పుడు ఎవరైనా వచ్చి, "మేస్త్రీ, ఈ తలుపు అటు జరుపు", "ఈ కిటికీ కింద రెండు వరుసలు తగ్గించు" అంటే ఆయన చేతిలో తాపీ కింద పెట్టేవారు. చొక్కా జేబులోంచి గుడ్డలో చుట్టిన బొగ్గుముక్క తీసి వాళ్ల చేతికిచ్చేవారు. మార్పు ఏమిటో, ఎంతో, వాళ్ల చేత్తోనే అక్కడి ఇటుకల మీద రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఛాతీ ఎత్తులో, అరచెయ్యంత చోటు. రాశాక ఆయన ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుని, దాని మీద ఒక ప్లాస్టిక్ కాగితం ముక్క అంటించి, పైన ప్లాస్టరు చేసేవారు. కాగితం ఉన్నచోట ప్లాస్టరు గోడకి అంటదు గనుక తడితే డొల్లగా మోగుతుంది. ఎన్నేళ్లు గడిచినా ఆయన వేలితో తట్టి ఆ చోటు కనిపెట్టగలరు.

ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. పాతికేళ్ల వయసులో ఒక పెద్ద ఇంటి పనిలో ఉండగా, వంటగది కిటికీని పక్కగోడకి మార్చమని ఇంజినీరు నోటిమాటగా చెప్పాడట. మార్చారు. ఇంటావిడ వచ్చి కిటికీ ఇక్కడెందుకుందని అడిగితే ఆ ఇంజినీరు ఆయన కళ్లలో కళ్లు పెట్టి, "నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు. పనివాళ్లందరి ముందూ, ఆయన కట్టిన గోడను ఆయన చేతే కొట్టించి, సామాను వీధిలో పడేశారు. "వాడు అబద్ధమాడాడని కాదమ్మా. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలో ఏమీ మారలేదు. దానికి భయమేసింది నాకు" అని తన కూతురికి చెప్పారట. అప్పటి నుంచి ముఖం చూసి మనిషిని నమ్మడం మానేశారు.

ఇంజినీర్లు నవ్వేవారు. ఒకాయన వేళాకోళానికి సంతకం చోట 'మీ తాత' అని రాశాడు. మావగారు అది చదువుకుని, బొగ్గు మళ్లీ ఆయన చేతికే ఇచ్చి, "మా తాత నేను పుట్టకముందే పోయాడు సార్. ఈ పని చూస్తున్నది మీరు. మీ పేరు రాయండి" అన్నారు. ఆ ఇంజినీరు తన పేరు రాసేదాకా, అంటే మధ్యాహ్నం వరకూ, తాపీ కడిగి పక్కన పెట్టుకుని ఇటుకల మీద కూర్చున్నారు. మార్పులు రాయడానికి పుస్తకం ఉందిగా మేస్త్రీ అంటే, "పుస్తకంలో కాగితం చింపొచ్చు. గోడని చింపమనండి చూద్దాం" అనేవారు.

ఇంట్లో కూడా ఇదే తంతు. గోడ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంకో గడియారం కొన్నారు. రెండింటికీ రెండు నిమిషాలు తేడా వచ్చేసరికి రెండింటినీ నమ్మడం మానేసి, ఎదురింటి వాళ్లని టైము అడగడం మొదలుపెట్టారు. పెళ్లయిన కొత్తలో ఇవన్నీ తలుచుకుని నేను నవ్వుతుంటే నా భార్య, "నువ్వేం నవ్వకు. నీ సంబంధం ఖాయం చేసేముందు నాచేత కూడా రాయించుకున్నాడు" అంది.

"ఏమని?"

"వంటింట్లో స్టవ్ వెనకాల గోడ మీద. 'నాకు ఇష్టమే' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. మీద ప్లాస్టరు చేసేశాడు. నాన్నే బలవంతం చేశాడని రేపెప్పుడైనా నేనంటే గోడ కొట్టి చూపిస్తాడట."

అత్తగారింటికి వెళ్లినప్పుడల్లా ఎవరూ చూడకుండా ఆ స్టవ్ వెనకాల గోడను ఒకసారి తట్టడం నాకు అలవాటైపోయింది. డొల్లగా మోగేది. ఆ చప్పుడు వింటే నాకెందుకో హాయిగా ఉండేది.

నేను ఒక కట్టుబడి కంపెనీలో సైటు ఇంజినీరుని. పెళ్లయిన మూడేళ్లకి మాకు ఒక చిన్న ఆసుపత్రి కట్టే పని వచ్చింది. గోడల పనికి కాంట్రాక్టరు ఒక మేస్త్రిని, ఆయన కింద పదకొండు మంది జట్టును తీసుకొచ్చాడు. మేస్త్రి ఎవరా అని చూస్తే మా మావగారు. అనుకోకుండా కుదిరిందన్నారు ఆయన. నేను నమ్మలేదు. అల్లుడి పని గట్టిదో డొల్లదో తట్టి చూసుకోవడానికే వచ్చారని నా అనుమానం. ఇంట్లో నన్ను 'అల్లుడుగారూ' అనేవారు, సైటులో 'ఇంజినీరుగారూ' అనేవారు. పొరపాటున కూడా ఒకదాని చోట ఇంకోటి వాడేవారు కాదు.

ఆసుపత్రి అంటే మాటలు కాదు. కట్టిస్తున్న డాక్టరమ్మకి రోజుకో ఆలోచన వచ్చేది. ఆర్కిటెక్టు వారానికో కొత్త డ్రాయింగు పంపేవాడు. కొత్తది రాగానే పాతదాన్ని కొట్టేసి, మార్పును సైటు పుస్తకంలో రాసి, మేస్త్రికి చెప్పడం నా బాధ్యత. చిన్న పనే గాని, ఒక్కసారి తప్పితే కొంప మునుగుతుంది. మొదటి మార్పు చెప్పినరోజు మావగారు జేబులోంచి బొగ్గు తీసి నా ముందు పెట్టారు. జట్టంతా పని ఆపి చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. అయినా రాశాను. ఆరు నెలల్లో ఆ గోడల్లో నావే పద్నాలుగు సంతకాలు చేరాయి. నల్లబడ్డ నా వేళ్లు చూసి ఆఫీసు గుమాస్తా, "ఏం సార్, మావగారు ఇవాళ కూడా పలక పట్టించారా?" అని అడిగేవాడు.

కింది అంతస్తులో స్కానింగు గది ఉంది. దానికి ఒకవైపు స్టోరు గది, ఇంకోవైపు నడవా, నడవా చివర లిఫ్టు. డాక్టరమ్మ పెద్ద మిషను కొంటున్నారని, స్కానింగు గదిని ఒక అడుగు పెంచాలని ఆర్కిటెక్టు డ్రాయింగు మార్చాడు. ఆ పూట నేను సైటుకి గంట దూరంలో ఇనుప ఊచలు తూకం వేయిస్తున్నాను. డ్రాయింగు ఫోనులో వచ్చింది. ఎండలో తెర సరిగ్గా కనబడలేదు. ఓసారి చూసి మేస్త్రికి ఫోను చేశాను.

"స్కానింగు గది గోడ నడవా వైపు అడుగు జరపండి."

"నడవా ఇరుకవదా?"

"అవన్నీ వాళ్లు చూసుకునే ఉంటారు. కట్టేయండి."

"మీరొచ్చాక మొదలుపెడతా. రాయాలి కదా."

ఆరు నెలల బొగ్గంతా నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. "మావయ్యగారూ, నన్ను కూడా నమ్మరా?" అన్నాను.

సైటు పనిలో ఆయన్ని మావయ్యగారూ అనడం అదే మొదటిసారి. అవతల తాపీ చప్పుడు ఆగిపోయింది. "సరే" అన్నారు. నేను ఏదో గెలిచినట్టు సంబరపడ్డాను. సాయంత్రం ఇంటికెళ్లి, మీ నాన్న మొట్టమొదటిసారి రాయించుకోకుండా గోడ కట్టారని నా భార్యతో గొప్పగా చెప్పుకున్నాను. ఆమె నవ్వలేదు. "నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది.

పదిహేను రోజుల తర్వాత తీరిగ్గా కూర్చుని పుస్తకంలో ఆ మార్పు రాయబోతూ డ్రాయింగును సరిగ్గా చూశాను. జరగాల్సింది నడవా వైపు గోడ కాదు, స్టోరు వైపు గోడ. నేను పప్పులో కాలేశాను. అప్పటికి నడవా గోడకి రెండువైపులా ప్లాస్టరు అయిపోయింది. లేచి వెళ్లి చెప్పి ఉంటే రెండు రోజుల పనితో పోయేది. చెప్పలేదు. పుస్తకంలో 'స్టోరు వైపు గోడ, ఒక అడుగు' అని డ్రాయింగులో ఉన్నట్టే రాసి, ఫోను చేసిన రోజు తేదీ వేసి, మూసేశాను. అడుగు తేడా ఎవరు చూస్తారులే అనుకున్నాను. కానీ ఆ నడవాలో నడిచిన ప్రతిసారీ ఆ అడుగు నాకు తెలుస్తూనే ఉంది.

రెండు నెలల తర్వాత డాక్టరమ్మ ఒక స్ట్రెచర్ బండి తెప్పించి, తానే తోసుకుంటూ నడవాలోకి వచ్చారు. లిఫ్టు ముందు మలుపులో బండి ముందు చక్రాలు తిరిగాయి, వెనకభాగం గోడకి గుద్దుకుని ఆగింది. వెనక్కి లాగి మళ్లీ తోశారు. మళ్లీ ఆగింది. కొత్త రంగు మీద పొడుగ్గా గీత పడింది. ఆవిడ కేకలేమీ వేయలేదు. "ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఇందులో తెస్తే ఇక్కడ దింపి నడిపించాలా?" అని మాత్రం అడిగారు.

మా కంపెనీ పెద్దసారు పరుగున వచ్చి టేపు పట్టి కొలిచారు. పుస్తకం తెప్పించారు. నా చేతిరాత అందరికీ వినబడేలా చదివారు. "స్టోరు వైపు అని ఇంత స్పష్టంగా ఉంది. మేస్త్రీ, ఈ గోడ ఎందుకు జరిపావు?"

అందరూ మేస్త్రి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. నేను నా బూట్లకంటిన సున్నం మరకల వైపు చూశాను.

"నీకెవరైనా చెబితే గోడలో రాత ఉంటుందిగా?" అన్నారు పెద్దసారు. "రేపు పది గంటలకి ఈ గోడ కొట్టిస్తున్నా. ముందు నీ రాత చూపించు. లేకపోతే నువ్వూ నీ జట్టూ సామాను సర్దుకోండి. ఇంకే సైటులోనూ నీకు పని దొరక్కుండా నేను చూసుకుంటా."

"సరే సార్" అన్నారు మావగారు. ఫోను సంగతి ఎత్తలేదు.

ఆ సరే నన్ను తినేసింది. నేనేమీ రాయలేదు కనుక గోడలో ఏమీ ఉండకూడదు. మరి ఈయన అంత నిబ్బరంగా ఎలా ఉన్నారు? నా మాటలు ఫోనులో రికార్డు చేశారా? నా సంతకం చూసి చూసి తానే దింపేశారా? పద్నాలుగు సంతకాలు చూసిన మనిషికి పదిహేనోది పెట్టడం ఎంత పని? ఇంటికొచ్చాక నా భార్య అన్నం వడ్డిస్తూ, "ఆ గోడేనా నువ్వు ఆ రోజు ఫోనులో చెప్పింది?" అని అడిగింది. తండ్రి ఫోను చేసి చెప్పారా, తానే ఊహించిందా అని ఆమె ముఖంలో వెతికాను. ఏమీ దొరకలేదు.

"కాదు. అది వేరే గోడ" అన్నాను.

నా ముఖంలో ఏమీ మారలేదని నాకే తెలిసింది. అది అంత సులువని అప్పటిదాకా తెలియదు. ఆమె కూర గిన్నె నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున ఏడింటికే సైటుకి వెళ్లాను. పనివాళ్లెవరూ ఇంకా రాలేదు. సంచిలో ఉలి, సుత్తి ఉన్నాయి. రాత ఉంటే తీసేయాలని వెళ్లాను, దాచడం దేనికి. నడవాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఛాతీ ఎత్తులో వేలితో తట్టుకుంటూ నడిచాను. గట్టిగా మోగింది. స్కానింగు గది లోపలికి వెళ్లి అటువైపూ తట్టాను. అక్కడా గట్టిగానే మోగింది. ఎక్కడా డొల్ల లేదు. హమ్మయ్య అనుకున్నాను. పదకొండు మంది నోటి దగ్గర కూడు పోతోందని తెలిసే అలా అనుకున్నాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

"అంత ఎత్తులో కాదు అల్లుడుగారూ. మూలన, మోకాలి దగ్గర."

మావగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. నా చేతిలో ఉలి చూశారు. ఎందుకని అడగలేదు. లోపలికి వచ్చి మూలన గొంతుక్కూర్చుని వేలితో తట్టారు. డొల్లగా మోగింది. నా చేతిలోంచి ఉలి, సుత్తి తీసుకుని రెండు దెబ్బలు వేసి ప్లాస్టరు పెచ్చు ఊడదీశారు, ప్లాస్టిక్ కాగితం లాగేశారు. వెనక ఇటుకల మీద బొగ్గుతో వంకరటింకర అక్షరాలు ఉన్నాయి.

'ఈ గోడ నడవా వైపు అడుగు. అల్లుడుగారు ఫోనులో చెప్పారు. రాయించుకోలేదు. నమ్మాను.'

కింద తేదీ, ఆయన సంతకం.

"రాయకుండా గోడ మూస్తే నాకు నిద్ర పట్టదు" అన్నారు. "అన్ని గోడల్లోనూ చెప్పినవాళ్ల సంతకాలే. నాది ఉన్నది ఇదొక్కటే. ఎవరి కంటా పడకూడదని కింద రాశా."

"నిన్న ఎందుకు చెప్పలేదు మావయ్యగారూ?"

"మీరు చెప్తారేమోనని చూశా."

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నారు. "ఇది చూపించినా పెద్దసారు నమ్మడు. నా రాత నేనే రాసుకున్నానంటాడు. నిజమే, దీనికి విలువ లేదు. అక్కడ బకెట్లో నీళ్లున్నాయి, గుడ్డ ఉంది. చెరిపేస్తే చెరిపేయండి. నేను టీ తాగొస్తా."

ఆయన వెళ్లిపోయారు. నేను గుడ్డ తడిపాను. మొత్తం చెరిపేద్దామనే కూర్చున్నాను. చివరి మాట దగ్గర మొదలుపెట్టాను. 'నమ్మాను' ఒక్క రుద్దుకే పోయి నల్లటి మరక మిగిలింది. ఆ మాట పోయాక మిగిలింది చదివితే ఎవరో పరాయివాడి మీద రాసిన ఫిర్యాదులా ఉంది. నా చెయ్యి పైకి కదల్లేదు. గుడ్డ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఏడుపొచ్చింది.

ఆయన తిరిగొచ్చి గోడ చూశారు, నన్ను చూశారు.

"అదొక్కటే చెరిపారేం?"

"అదిప్పుడు నిజం కాదు కదా."

"రాసిన రోజున నిజమే" అన్నారు. తర్వాత జేబులోంచి గుడ్డలో చుట్టిన బొగ్గుముక్క తీసి నా ముందుకు చాపారు. "రాయండి, ఇంజినీరుగారూ."

రాశాను. నడవా వైపు జరపమని నేనే చెప్పానని, తప్పని తెలిసి పదిహేను రోజులకి పుస్తకంలో వేరేగా రాశానని, మేస్త్రి తప్పేమీ లేదని. చోటు చాలక ఆయన ఇంకో పెచ్చు ఊడదీశారు. రాసిందంతా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. రెండోసారి కూడా చదివారు. "తేదీ వేయలేదు" అన్నారు. వేశాను.

పది గంటలకి పెద్దసారు వంగి అది చదివారు. మధ్యాహ్నానికల్లా నా ఉద్యోగం పోయింది. మావగారి జట్టు ఆ గోడను కొట్టి, అడుగు వెనక్కి కట్టి, స్టోరు వైపు గోడను అడుగు జరిపింది. స్ట్రెచర్ బండి ఇప్పుడు ఎక్కడా తగలకుండా తిరుగుతోందట. ఆ సాయంత్రమే నా భార్యకి అంతా చెప్పాను, వేరే గోడ అని చెప్పిన అబద్ధంతో సహా.

మూడు నెలలు అత్తగారింటికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. నాలుగో నెలలో ఒక ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్లాం. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లి, ఎవరూ లేకుండా చూసి, స్టవ్ వెనకాల గోడను తట్టాను. గట్టిగా మోగింది. చోటు తప్పానేమోనని పక్కన తట్టాను, కింద తట్టాను. అంతా గట్టిగానే ఉంది. దగ్గరగా చూస్తే అరచెయ్యంత మేర కొత్త ప్లాస్టరు తెలుస్తోంది.

"నేనే తీయించాను" అంది వెనక నుంచి నా భార్య. చేతిలో కంచాలున్నాయి. "నాన్న వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను. నేను రాసింది అప్పటి మనిషి గురించి. మళ్లీ రాయాలో వద్దో చూస్తున్నాను."

ముందుగదిలోంచి మావగారి పిలుపు వినబడింది.

"ఇంజినీరుగారూ, అన్నానికి రండి."